కరెంటు వచ్చాక మీ స్క్రిప్టు తనే లేవాలంటే

మా ఊళ్లో ఇంట్లో, టీవీ బల్ల వెనక ఒక రాస్ప్‌బెర్రీ పై బోర్డు ఉంది, అరచేతిలో పట్టే చిన్న లైనక్స్ కంప్యూటర్. దాని పని ఒక్కటే. కరెంటు ఎప్పుడు పోయిందో, ఎప్పుడు వచ్చిందో రాసిపెట్టడం. కరెంటు పోతే బోర్డు ఆగిపోతుంది, వస్తే తనంతట తనే ఆన్ అవుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ దాని మీద నేను రాసిన స్క్రిప్టు (వరసగా నడిచే కమాండ్ల ఫైలు) మాత్రం మొదట్లో తనంతట తను లేచేది కాదు. ఎవరో ఒకరు కీబోర్డు తగిలించి, లాగిన్ అయి, కమాండ్ కొట్టాలి. నేనుండేది హైదరాబాద్‌లో. అమ్మ చేత ఆ పని చేయించలేను కదా. తమ్ముడు ఇంటికి వచ్చిన ఒక ఆదివారం, ఫోన్‌లో ఒక్కో లైనూ చెప్తూ పోతే అతను కొట్టుకుంటూ పోయాడు. ఈ గైడు కూడా అలాగే రాస్తున్నాను.

అందుకే కమాండ్లు కూడా ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే ఉంటాయి. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషులో కొట్టాలి. అక్షరం అక్షరంగా పలికినవి అలాగే విడివిడిగా కొట్టండి: ఈటీసీ అంటే మూడక్షరాలు, యూఎస్ఆర్ అంటే మూడక్షరాలు. కమాండ్లన్నీ చిన్న అక్షరాలే. లైనక్స్‌కి పెద్దక్షరం, చిన్నక్షరం వేరువేరు. పెద్దక్షరాలు కావలసిన చోట చెప్తాను. ఫైళ్లకు పేర్లు మాత్రం మీ ఇష్టం, అన్ని చోట్లా ఒకటే పేరు వాడితే చాలు. నిజానికి లైనక్స్‌లో ఫైలు పేరు అచ్చ తెలుగులో పెట్టినా ఒప్పుకుంటుంది. కానీ టెర్మినల్‌లో ఒత్తులూ గుణింతాలూ విడిపోయి కనిపించి ప్రాణం తీస్తాయి, వద్దు.

బోర్డు లేకపోయినా ఫర్వాలేదు. డెబియన్, ఉబుంటు, ఫెడోరా లాంటి లైనక్స్ ఉన్న ఏ పాత కంప్యూటరైనా సరిపోతుంది. కాకపోతే మామూలు కంప్యూటర్ కరెంటు రాగానే దానంతట అదే ఆన్ అవ్వదు. బయోస్‌లోకి (కంప్యూటర్ సొంత సెట్టింగుల్లోకి) వెళ్లి, కరెంటు పోయి వస్తే ఏం చేయాలో చెప్పే సెట్టింగ్ ఆన్‌లో పెట్టాలి. చాలా బోర్డుల్లో అది పవర్ మెనూలో ఉంటుంది.

ఇంకో మాట. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే, దాని లైన్ లేని ప్లగ్గులో పెట్టండి. నేను మొదట చూసుకోకుండా ఇన్వర్టర్ లైన్‌లో పెట్టాను. వారం రోజులు కరెంటు సంగతులు రాసే డైరీ ఫైలు ఖాళీ. మా ఊళ్లో కరెంటు ఇంత బాగుపడిందా అని మురిసిపోయాను కూడా.

ముందు స్క్రిప్టు

కరెంటు పోయే క్షణంలో ఏదైనా రాయడానికి టైమ్ ఉండదు. బోర్డు అప్పటికే చచ్చిపోయి ఉంటుంది. అందుకని బతికున్నంతసేపూ నిమిషానికోసారి ఒక ఫైలు మీద చెయ్యి వేసి వదిలేస్తాం. మళ్లీ లేచినప్పుడు ఆ ఫైలును చివరిసారి ఎప్పుడు ముట్టుకున్నామో చూస్తే, కరెంటు పోయిన టైమ్ నిమిషం అటూఇటూగా తెలిసిపోతుంది. ఫైల్లో ఏమీ రాయక్కర్లేదు, ముట్టుకుంటే చాలు. ఏదైనా రాస్తూ ఉండగా కరెంటు పోతే ఫైలు సగం రాసి ఆగిపోవచ్చు. లోపల ఏమీ లేని ఫైలుకి ఆ బాధ లేదు.

ఫైలు తెరవండి. సుడో అంటే పూర్తి అధికారంతో నడపమని, నానో అంటే ఫైళ్లు రాసుకునే ఎడిటర్:

సుడో నానో /యూఎస్ఆర్/లోకల్/బిన్/కరెంట్.ఎస్‌హెచ్

అందులో ఈ ఆరు లైన్లు. గుర్తు అనేది మనం ముట్టుకునే ఫైలు, డైరీ అనేది టైమ్‌లు రాసిపెట్టే ఫైలు:

#!/బిన్/ఎస్‌హెచ్
డి=/వీఏఆర్/లిబ్/కరెంట్
ఇఫ్ [ -ఎఫ్ $డి/గుర్తు ]; దెన్
  ఎకో "పోయింది $(డేట్ -ఆర్ $డి/గుర్తు), వచ్చింది $(డేట్)" >> $డి/డైరీ
ఫై
వైల్ ట్రూ; డూ టచ్ $డి/గుర్తు; స్లీప్ 60; డన్

డి అంటే ఒక్క అక్షరం, చిన్నది. సమానం గుర్తుకి అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. చదరపు బ్రాకెట్లకు లోపల అటూ ఇటూ ఖాళీ ఉండి తీరాలి. ఇఫ్‌ని తిరగేసి రాస్తే ఫై, అంతే దాని రహస్యం. పోయింది, వచ్చింది అనే మాటలు మాత్రం నిజంగా తెలుగులో కొట్టినా ఫైల్లో బాగానే పడతాయి.

దీనికి నడిచే హక్కు ఇవ్వండి:

సుడో సీహెచ్‌మోడ్ 755 /యూఎస్ఆర్/లోకల్/బిన్/కరెంట్.ఎస్‌హెచ్

చేత్తో నడిపి చూడండి. ఫోల్డర్ ఇంకా లేదు కాబట్టి ముందు అది చేయాలి:

సుడో ఎంకేడిర్ /వీఏఆర్/లిబ్/కరెంట్
సుడో /యూఎస్ఆర్/లోకల్/బిన్/కరెంట్.ఎస్‌హెచ్

స్క్రీన్ మీద ఏమీ రాదు, కర్సర్ అలా మెరుస్తూ ఉంటుంది. కంట్రోల్-సీ కొట్టి ఆపండి. రెండు నిమిషాలాగి మళ్లీ నడిపి, మళ్లీ ఆపి, డైరీ ఫైలు చూడండి. ఒక లైను పడి ఉండాలి. చేత్తో నడిపితేనే పని చేయని స్క్రిప్టు, బూట్‌లో (మెషీన్ లేచేటప్పుడు) పెడితే పని చేస్తుందని ఆశపడటం దండగ.

ఎవరికి అప్పజెప్పాలి

ఇంటర్నెట్‌లో వెతికితే ఈ పనికి ఓ అరడజను దారులు కనిపిస్తాయి. అందులో సగం పాతబడినవి.

బాష్ఆర్‌సీ ఫైల్లో ఒక లైను పెట్టేయమని కొందరు చెప్తారు. ఆ ఫైలు చదివేది మీరు టెర్మినల్ తెరిచినప్పుడు. మెషీన్ లేవడానికీ దానికీ సంబంధం లేదు. ఎవరూ లాగిన్ అవ్వకపోతే ఏమీ జరగదు, నాలుగుసార్లు టెర్మినల్ తెరిస్తే స్క్రిప్టు నాలుగుసార్లు మొదలవుతుంది.

ఈటీసీలో ఉండే ఆర్‌సీ.లోకల్ ఫైలు మరో దారి. చాలా ఏళ్లపాటు అందరూ అదే వాడారు. ఇప్పటికీ ఆ ఫైలు ఉండి, దానికి నడిచే హక్కు ఉంటే చాలా సిస్టమ్‌లు పాత మర్యాదకి దాన్ని నడుపుతాయి. కానీ అందులో మన స్క్రిప్టు లాంటి అంతులేని లూప్ పెట్టి, చివర ఆంపర్‌సాండ్ (&) గుర్తు మరిచిపోతే, కింది లైన్ల వంతు ఎప్పటికీ రాదు. స్క్రిప్టు మధ్యలో చచ్చిపోతే మళ్లీ లేపేవాళ్లూ ఉండరు.

చెప్పిన టైమ్‌కి పనులు నడిపే క్రాన్ సంగతి వేరు. పాల్ విక్సీ 1987లో రాసిన క్రాన్, దాని వంశంలో వచ్చినవి @రీబూట్ అనే ఒక మాటను అర్థం చేసుకుంటాయి. క్రాన్‌టాబ్ -ఇ కొట్టి, కింద ఒక్క లైను:

@రీబూట్ /యూఎస్ఆర్/లోకల్/బిన్/కరెంట్.ఎస్‌హెచ్

అయిపోయింది. రెండు నిమిషాల పని. బూట్‌లో ఒకసారి నడిచి ముగిసిపోయే చిన్న పనికి నేను ఇప్పటికీ ఇదే వాడతాను. ఒక్క జాగ్రత్త. క్రాన్‌టాబ్ లైన్లో పర్సెంట్ గుర్తు నేరుగా రాయకండి. క్రాన్ దాన్ని కొత్త లైనుగా చదువుతుంది. తేదీ పేరుతో బ్యాకప్ ఫైలు చేసే లైను టెర్మినల్‌లో చక్కగా నడిచి, క్రాన్‌లో మాత్రం చడీచప్పుడు లేకుండా ఆగిపోయేది అందుకే. పర్సెంట్ ముందు వెనక్కి వాలిన గీత పెట్టాలి, లేదా ఆ లైనంతా ఒక స్క్రిప్టులో పెట్టి స్క్రిప్టునే పిలవాలి.

మన డైరీ రోజంతా నడవాలి, చస్తే లేవాలి, ఏం జరిగిందో మనకి చెప్పాలి. దీనికి, మెషీన్‌లో సర్వీసులన్నిటినీ లేపి చూసుకునే సిస్టమ్‌డీయే సరైనది. లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ 2010లో మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామ్ మీద లైనక్స్ జనం చాలా ఏళ్లు కొట్టుకున్నారు. డెబియన్ 2015లో ఎనిమిదో వెర్షన్‌తో దీన్ని అసలు పద్ధతిగా చేసుకుంది. నచ్చినా నచ్చకపోయినా, మీ మెషీన్‌లో నంబర్ 1 ప్రాసెస్ బహుశా ఇదే. కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) లేవగానే మొదట పుట్టేది ఇది, మిగతా అందర్నీ లేపేది ఇది.

యూనిట్ ఫైలు

సిస్టమ్‌డీకి మన స్క్రిప్టు సంగతి ఒక చిన్న ఫైల్లో రాసి చెప్పాలి:

సుడో నానో /ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్/కరెంట్.సర్వీస్

[యూనిట్]
డిస్క్రిప్షన్=ఇంటి కరెంటు డైరీ

[సర్వీస్]
యూజర్=మీ యూజర్ పేరు
స్టేట్‌డైరెక్టరీ=కరెంట్
ఎగ్జెక్‌స్టార్ట్=/యూఎస్ఆర్/లోకల్/బిన్/కరెంట్.ఎస్‌హెచ్
రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్
రీస్టార్ట్‌సెక్=10

[ఇన్‌స్టాల్]
వాంటెడ్‌బై=మల్టీ-యూజర్.టార్గెట్

ఇక్కడ పెద్దక్షరాలు ముఖ్యం. బ్రాకెట్లలోని మూడు మాటలకీ మొదటి అక్షరం పెద్దది. సమానం గుర్తుకి ఎడమ పక్క ఉన్న మాటలకీ అంతే. రెండు మాటలు అతుక్కున్న చోట రెండో మాట మొదటి అక్షరం కూడా పెద్దదే: ఎగ్జెక్‌లో ఇ, స్టార్ట్‌లో ఎస్. వాంటెడ్‌బైలో డబ్ల్యూ, బి. ఎగ్జెక్ అంటే ఇ-ఎక్స్-ఇ-సి, నాలుగక్షరాలే. కుడి పక్కవన్నీ చిన్నవి. తమ్ముడు ఇక్కడే తప్పు చేశాడు. స్టార్ట్‌లో ఎస్ చిన్నది కొట్టాడు. సిస్టమ్‌డీ ఆ లైనును పట్టించుకోకుండా వదిలేసి, ఎగ్జెక్‌స్టార్ట్ లేదు కాబట్టి మొదలుపెట్టను పొమ్మంది.

లైన్లు కొన్ని చూద్దాం. యూజర్ దగ్గర మీ మామూలు లాగిన్ పేరు రాయండి. ఆ లైను లేకపోతే స్క్రిప్టు రూట్‌గా, అంటే అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా నడుస్తుంది. ఫైలు ముట్టుకునే పనికి రూట్ దేనికి? స్టేట్‌డైరెక్టరీ అనే లైను నాకు బాగా నచ్చింది. వీఏఆర్ కింద లిబ్‌లో ఆ పేరుతో ఫోల్డర్ లేకపోతే సిస్టమ్‌డీయే చేస్తుంది, దాన్ని మనం చెప్పిన యూజర్ పేరు మీదికి మారుస్తుంది. ఇందాక సుడోతో చేసిన ఫోల్డర్ రూట్ పేరున ఉంది కదా, అది కూడా సర్దుకుంటుంది.

రీస్టార్ట్ లైను ఉంటే స్క్రిప్టు తప్పుతో చచ్చిపోయినప్పుడు మళ్లీ లేపుతుంది. దాని కింది రీస్టార్ట్‌సెక్‌ను చాలామంది వదిలేస్తారు. వదిలేస్తే సెకనులో పదో వంతు మాత్రమే ఆగి మళ్లీ లేపుతుంది. అలా 10 సెకన్లలో 5 సార్లు లేచి పడిపోతే, ఇక నా వల్ల కాదని పూర్తిగా వదిలేస్తుంది. 10 సెకన్లు ఆగమంటే ఆ లెక్క ఎప్పటికీ దాటదు, ప్రయత్నిస్తూనే ఉంటుంది.

ఎగ్జెక్‌స్టార్ట్ లైను చూడ్డానికి టెర్మినల్ కమాండ్‌లా ఉంటుంది, కానీ కాదు. మధ్యలో షెల్ (మనం కొట్టిన కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్) ఉండదు. కాబట్టి ఆ లైన్లో పైపు గీత, >> బాణాలు, ఇంటి ఫోల్డర్‌కి వాడే ~ గుర్తు ఏవీ పని చేయవు. అవన్నీ స్క్రిప్టు లోపల పెట్టుకోవాలి. ఇక్కడ స్క్రిప్టు పూర్తి దారి ఇస్తే చాలు.

మీ స్క్రిప్టు మనదిలా కలకాలం నడిచేది కాకుండా, ఏదో ఒక పని చేసి ముగిసిపోయేదైతే, సర్వీస్ కింద టైప్=వన్‌షాట్ అని చేర్చండి.

ఇప్పుడు మూడు కమాండ్లు:

సుడో సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్
సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ కరెంట్
సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ కరెంట్

యూనిట్ ఫైలు మార్చిన ప్రతిసారీ మొదటిది కొట్టాలి, లేకపోతే పాత ఫైలే దాని బుర్రలో ఉంటుంది. రెండోదాన్లో ఎనేబుల్ అంటే "ఇకనుంచి బూట్ అయినప్పుడల్లా లేపు" అని. చివర రెండు గీతలతో ఉన్న నౌ అంటే "ఇప్పుడు కూడా లేపు" అని. ఎనేబుల్ లేకుండా ఉత్త స్టార్ట్ కొట్టి, ఆకుపచ్చ చుక్క చూసి సంతోషపడి, మర్నాడు బూట్‌లో లేవలేదని తల పట్టుకునేవాళ్లు నాకు నెలకి ఒకరు తగులుతారు.

ఆకుపచ్చ బదులు ఎరుపు కనిపిస్తే

స్టేటస్‌లో ఒక నంబర్ కనిపిస్తుంది. దాన్ని చదవడం వస్తే సగం పని అయిపోయినట్టే.

203/ఎగ్జెక్ అని ఉంటే సిస్టమ్‌డీ మీ ఫైలును అసలు మొదలుపెట్టలేకపోయింది. సీహెచ్‌మోడ్ మరిచిపోయి ఉండొచ్చు, దారి తప్పు కొట్టి ఉండొచ్చు. ఈ రెండూ కాకపోతే మొదటి లైను చూడండి. #! తో మొదలయ్యే లైను సరిగ్గానే కనిపిస్తున్నా, ఫైలును విండోస్‌లో రాసి తెచ్చి ఉంటే ప్రతి లైను చివరా కంటికి కనపడని ఒక అక్షరం అతుక్కుని ఉంటుంది. అప్పుడు లైనక్స్ వెతికేది ఎస్‌హెచ్‌ని కాదు, ఎస్‌హెచ్ పక్కన ఆ కనపడని అక్షరం ఉన్న ఫైలుని. అలాంటి ఫైలు లేదంటుంది. ఎదురుగా ఫైలు ఉంటే లేదంటుందేమిటని మనకి పిచ్చెక్కుతుంది. డాస్‌2యూనిక్స్ అనే చిన్న ప్రోగ్రామ్ వేసుకుని ఫైలు మీద ఒకసారి నడిపితే పోతుంది.

217/యూజర్ అంటే మీరిచ్చిన యూజర్ పేరు ఆ మెషీన్‌లో లేదు. రాస్ప్‌బెర్రీ పై మీద పాత గైడ్లు చూసి పై అనే పేరు కొట్టేవాళ్లకి ఇది తప్పక తగులుతుంది. 2022 నుంచి ఆ పేరుతో రెడీమేడ్ యూజర్ రావడం లేదు.

127 అంటే స్క్రిప్టు మొదలైంది గానీ అందులోని ఏదో కమాండ్ దొరకలేదు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే, కాస్త నిలబడి చెప్పుకోవాలి. మీరు లాగిన్ అయినప్పుడు మీ చుట్టూ ఒక కాపురం అమరి ఉంటుంది. కమాండ్లు వెతికే దారుల లిస్టు, ఇంటి ఫోల్డర్, భాష, మీరు ఎప్పుడో పెట్టుకున్న షార్ట్‌కట్లు, అన్నీ. బూట్‌లో లేచే స్క్రిప్టుకి ఆ కాపురం లేదు. కట్టుబట్టలతో బయటికొచ్చినట్టు ఉంటుంది దాని పరిస్థితి. మీ ఇంటి ఫోల్డర్లో వేసుకున్న ప్రోగ్రామ్ ఎక్కడుందో దానికి తెలియదు. నిలబడి ఉన్న ఫోల్డర్ కూడా మీది కాదు, స్లాష్. కాబట్టి స్క్రిప్టులో ప్రతి ఫైలుకీ పూర్తి దారి రాయండి. ముందుగానే పరీక్షించాలంటే ఇలా నడపండి:

సుడో ఎన్వ్ -ఐ /యూఎస్ఆర్/లోకల్/బిన్/కరెంట్.ఎస్‌హెచ్

ఎన్వ్ అంటే ఇ-ఎన్-వి. మీ సెట్టింగులన్నీ ఊడబీకి ఖాళీ చేతులతో స్క్రిప్టును నడుపుతుంది. ఇక్కడ పడిపోతే బూట్‌లోనూ పడిపోతుంది.

బాష్‌లో రాసుకున్న స్క్రిప్టులకి ఇంకో మెలిక ఉంది. డెబియన్, ఉబుంటుల్లో ఎస్‌హెచ్ అంటే బాష్ కాదు, డాష్ అనే చిన్న షెల్. జోడు చదరపు బ్రాకెట్లు, లిస్టులు లాంటి బాష్ సొగసులు దానికి రావు. అవి వాడితే మొదటి లైన్లో ఎస్‌హెచ్ బదులు బాష్ అని రాయండి.

పైథాన్ వాళ్లకి రెండు ముక్కలు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ వాడుతుంటే, దాన్ని యాక్టివేట్ చేసే గొడవ పెట్టుకోకుండా ఎగ్జెక్‌స్టార్ట్‌లో ఆ ఫోల్డర్ లోపలి బిన్‌లో ఉన్న పైథాన్‌కే పూర్తి దారి ఇచ్చి, పక్కన స్క్రిప్టు దారి ఇవ్వండి. రెండోది, ప్రింట్ చేసినవి లాగ్‌లో ఎంతకీ కనిపించకపోతే స్క్రిప్టు ఆగిపోయిందని కంగారు పడకండి. టెర్మినల్ లేనప్పుడు పైథాన్ తన మాటలన్నీ మూట కట్టుకుని నిండాక ఒకేసారి కుమ్మరిస్తుంది. పైథాన్ దారి పక్కన -యూ చేర్చితే ఎప్పటిదప్పుడు చెప్తుంది.

లాగ్ చూసేది ఇలా:

జర్నల్‌సీటీఎల్ -యూ కరెంట్ -బి

-బి అంటే ఈ బూట్‌వి మాత్రమే. యూనిట్ పేరుతో అడుగుతున్నాం కాబట్టి మిగతా రొద ఉండదు. మామూలు యూజర్‌కి ఏమీ కనిపించకపోతే ముందు సుడో పెట్టండి.

పోకముందే వచ్చిన కరెంటు

ఇంతవరకూ చేసి, రీబూట్ చేయించి, ఆకుపచ్చ చూసి ఫోన్ పెట్టేశాను. మర్నాడు సాయంత్రం తమ్ముడు డైరీ ఫొటో పంపాడు. అందులో ఒక లైన్లో కరెంటు పోయింది 3:40కి, వచ్చింది 3:17కి. పోవడానికి 23 నిమిషాల ముందే వచ్చేసిన కరెంటు! నిజంగా ఇంట్లో రెండు గంటలు కరెంటు లేదని అమ్మ చెప్పింది.

తప్పు స్క్రిప్టుది కాదు, గడియారానిది. మామూలు కంప్యూటర్ మదర్‌బోర్డు మీద చిన్న బటన్ సెల్ ఉంటుంది, కరెంటు లేకపోయినా టైమ్ నడుస్తూ ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పై బోర్డుల్లో చాలావాటికి అది లేదు. ఐదో మోడల్‌లో గడియారం పెట్టారు గానీ దాని బ్యాటరీ వేరే కొనుక్కోవాలి. అందుకని మాకున్న పాత ఓఎస్ ఒక ఉపాయం చేస్తుంది. గంటకోసారి టైమ్‌ను ఒక ఫైల్లో దాచుకుని, లేవగానే అక్కడి నుంచి లెక్క మొదలుపెడుతుంది. డెబియన్‌లో క్రాన్ గంటకోసారి చేసే పనులు 17వ నిమిషానికి జరుగుతాయి. 3:17 ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైంది కదా. కొత్త ఓఎస్‌లు ఇంకా తరచుగా దాచుకుంటాయి, అయినా కరెంటు లేనంతసేపూ గడియారం ఆగినట్టే.

సరైన టైమ్ ఇంటర్నెట్ నుంచి రావాలి. బోర్డు అర నిమిషంలో లేచి కూర్చుంటుంది. రౌటర్‌ది కూడా అదే కరెంటు. మా రౌటర్‌కి నెట్ వచ్చేసరికి రెండు మూడు నిమిషాలు. ఈలోపు మన స్క్రిప్టు పాత టైమ్‌తో లైను రాసేసి, గుర్తు ఫైలును కూడా పాత టైమ్‌తో ముట్టేసుకుంటుంది.

ఇలాంటప్పుడు స్క్రిప్టు మొదట్లో ఒక స్లీప్ 120 పడేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. నేనూ చాలాకాలం అదే చేశాను. రౌటర్ 130 సెకన్లు తీసుకున్న రోజున ఆ సలహా పని చేయదు. ఎంతసేపు ఆగాలో కాదు, దేనికోసం ఆగాలో చెప్పాలి. యూనిట్ ఫైల్లో డిస్క్రిప్షన్ కింద రెండు లైన్లు చేర్చండి:

వాంట్స్=టైమ్-సింక్.టార్గెట్
ఆఫ్టర్=టైమ్-సింక్.టార్గెట్

ఉత్త ఆఫ్టర్ పెడితే వరస మాత్రమే చెప్పినట్టు, పిలిచినట్టు కాదు. వాంట్స్ పిలుస్తుంది. సింక్ అంటే ఎస్-వై-ఎన్-సి. ఇది నిజంగా ఆగాలంటే మరో సర్వీస్‌ని ఆన్ చేయాలి:

సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ సిస్టమ్‌డీ-టైమ్-వెయిట్-సింక్

గడియారం సరైందని తేలేదాకా ఇది దారి అడ్డంగా నిలబడుతుంది. సిస్టమ్‌డీ వాళ్ల టైమ్ సర్వీస్ వాడే మెషీన్లకి ఇది సరిపోతుంది, రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో మామూలుగా ఉండేది అదే. నెట్ అసలు రాకపోతే మాత్రం మన స్క్రిప్టు లేవకుండా అలా ఎదురుచూస్తూనే ఉంటుంది. ఆలోగా కరెంటు మళ్లీ పోతే, మధ్యలో వచ్చి పోయిన ఆ నాలుగు నిమిషాల కరెంటు డైరీలో ఎక్కదు. తప్పుడు లైను కంటే లేని లైను నయమని నేను సర్దుకున్నాను.

ఇంకో చిక్కు మిగిలింది. ఇప్పుడు స్క్రిప్టు లేచేదే ఆలస్యంగా కాబట్టి, అది రాసే టైమ్ కరెంటు వచ్చిన టైమ్ కాదు, నెట్ వచ్చిన టైమ్. దీనికి మందు స్క్రిప్టులోనే ఉంది. ఎకో లైన్లో చివరి డేట్ తీసేసి ఆ చోట ఇది పెట్టండి:

$(అప్‌టైమ్ -ఎస్)

మెషీన్ ఎన్ని సెకన్లుగా మేలుకుని ఉందో కెర్నల్ విడిగా లెక్కపెట్టుకుంటుంది. ఇప్పటి సరైన టైమ్‌లోంచి ఆ సెకన్లు తీసేస్తే లేచిన టైమ్ వస్తుంది, అప్‌టైమ్ -ఎస్ చేసేది అదే. మనం చేత్తో సర్వీస్‌ని రీస్టార్ట్ చేసినప్పుడు పడే ఉత్తుత్తి లైన్లు కూడా దీనితో దొరికిపోతాయి. వాటిలో వచ్చిన టైమ్ పోయిన టైమ్ కంటే ముందుంటుంది. ఈసారి అది గడియారం తప్పు కాదు, మనం చేసిన రీస్టార్ట్ అని గుర్తు.

మీ స్క్రిప్టుకి టైమ్ కాకుండా ఉత్త నెట్ కావాలంటే టైమ్-సింక్ బదులు రెండు చోట్లా నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్ అని రాయండి. ఆన్‌లైన్ అనే మాట లేని నెట్‌వర్క్.టార్గెట్ కూడా ఒకటుంది, దాన్ని చూసి మోసపోకండి. నెట్‌వర్క్ చూసుకునే ప్రోగ్రామ్ లేచిందని మాత్రమే దాని అర్థం, ఐపీ అడ్రస్ వచ్చిందని కాదు. పెన్‌డ్రైవ్, బయటి హార్డ్ డిస్క్ మీద రాసే స్క్రిప్టయితే యూనిట్ కింద రిక్వయర్స్‌మౌంట్స్‌ఫర్= అని పెట్టి ఆ ఫోల్డర్ దారి ఇవ్వండి, ఎఫ్‌స్టాబ్‌లో (డిస్కుల లిస్టు ఉండే ఫైల్లో) రాసిన డిస్క్ తగులుకునేదాకా ఆగుతుంది.

ప్లగ్గు పీకండి

మార్పులన్నీ అయ్యాక డీమన్-రీలోడ్ కొట్టి, ఒకసారి మామూలుగా రీబూట్ చేసి స్టేటస్ చూడండి. అది బాగుంటే అసలు పరీక్ష. రౌటర్, బోర్డు రెండూ ఒకే పొడిగింపు బోర్డుకి పెట్టి, ఆ స్విచ్ ఆపి, పది నిమిషాలాగి వేయండి. నెమ్మదిగా షట్‌డౌన్ అయ్యే మెషీన్ వేరు, గొంతు నొక్కేసిన మెషీన్ వేరు. మన ఊళ్లలో జరిగేది రెండోది. మెమరీ కార్డుకి ఇలాంటివి అంత మంచివి కావు కాబట్టి సరదాకి పదిసార్లు చేయకండి, ఒక్కసారి చాలు. ఐదు నిమిషాల తర్వాత డైరీ చూడండి:

టెయిల్ -ఎన్ 3 /వీఏఆర్/లిబ్/కరెంట్/డైరీ

రెండు టైమ్‌ల మధ్య పది నిమిషాలు, అటూఇటూగా, కనిపిస్తే మీ పని అయినట్టే.

సిస్టమ్‌డీ లేని చోట్ల ఇదే పని ఎలాగంటే, మ్యాక్‌లో 2005 నుంచి లాంచ్‌డీ ఉంది. లైబ్రరీ ఫోల్డర్లోని లాంచ్‌డీమన్స్‌లో ఒక పీలిస్ట్ ఫైలు పెట్టి, అందులో రన్‌అట్‌లోడ్‌ని ట్రూ చేయాలి. ఫ్రీబీఎస్‌డీలో యూఎస్ఆర్, లోకల్, ఈటీసీ కింద ఆర్‌సీ.డీ ఫోల్డర్లో స్క్రిప్టు పెట్టి, ఈటీసీలోని ఆర్‌సీ.కాన్ఫ్‌లో దాన్ని ఎనేబుల్ చేస్తూ ఒక లైను రాయాలి. ఆల్పైన్‌లో ఈటీసీ కింద లోకల్.డీ ఫోల్డర్లో, పేరు చివర .స్టార్ట్ ఉండేలా ఫైలు పెట్టి, లోకల్ అనే సర్వీస్‌ని ఆన్ చేస్తే చాలు. కాపురం లేకుండా లేవడం మాత్రం అన్ని చోట్లా ఒకటే.

ఎప్పుడైనా ఇది వద్దనుకుంటే, ఫైలు తీసేయడానికి ముందు డిజేబుల్ చేయండి. తీసేశాక చేస్తే ఎనేబుల్ పెట్టిన లింకు మిగిలిపోయే అవకాశం ఉంది.

సుడో సిస్టమ్‌సీటీఎల్ డిజేబుల్ --నౌ కరెంట్
సుడో ఆర్ఎం /ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్/కరెంట్.సర్వీస్
సుడో సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్

డైరీ ఫైలు మాత్రం వీఏఆర్ కింద అలాగే ఉంటుంది, దాన్నెవరూ ముట్టుకోరు. మాది నాన్న నెలకోసారి ప్రింటు తీయించి లైన్‌మన్‌కి చూపిస్తున్నాడు.